కాలుబదులు

నమోదు 1

ఈ రోజు ఉద్యోగంలో చేరాను. స్పర్శ కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "మీకు తెలిసింది మాత్రమే నమోదు చేయండి. మీరు అనుకున్నది వద్దు." కాబట్టి తెలిసిందే రాస్తాను.

నా పేరు కందుల భ్రమరాంబ. మాది మూడో మెరక. సముద్రం లోపలికొచ్చాక మట్టి పోసి ఎత్తు చేసిన కాలనీల్లో మూడోది. మా మెరకలో షుగర్ లేనివాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. నాకు లేదు. నా కాళ్ళకి అన్నీ తెలుస్తాయి. ఈ ఉద్యోగానికి కావలసిన అర్హత అదొక్కటే.

డాక్టర్ నిరీక్షణ గారు నాకు పని చెప్పారు. నరాల చివర చిన్న చిన్న తలుపులు ఉంటాయట. వేడికొకటి, చలికొకటి, ఒత్తిడికొకటి. షుగర్ ముదిరిన కాళ్ళలో కొన్ని తలుపులు బిగుసుకుపోతాయి, కొన్ని మూసుకోకుండా ఊరికే కొట్టుకుంటూ మంట పుట్టిస్తాయి. రోగి అరికాళ్ళకి పల్చటి పొర అంటిస్తారు. ఆ పొరకి తగిలింది నా నడుముకున్న బెల్టులోకి వస్తుంది, అక్కణ్ణుంచి నా కాళ్ళలోకి. నాకు తెలిసిన ప్రతిసారీ ఆ పొర రోగి నరాన్ని కూడా కొంచెం తడుతుంది. అలా తట్టగా తట్టగా ఏదో ఒక రోజు తలుపు తెరుచుకుంటుందేమోనని పరిశోధన.

"ఎన్నాళ్ళు పడుతుంది మేడమ్?" అని అడిగాను.

"తెలిస్తే పరిశోధన ఎందుకమ్మా," అన్నారు.

కాగితాల మీద మా ఉద్యోగం పేరు చాలా పొడుగు. జనం మాత్రం చేబదులు అన్నట్టుగా "కాలుబదులు" అంటారు.

బెల్టు కట్టారు. కుర్చీలో చెప్పులు వేసుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి నా కాళ్ళ కింద తడి గచ్చు తగిలింది. ఎవరో స్నానం చేసి వస్తున్నారు. ఆ ఎవరో కొప్పాడ పట్టాభి గారు, అరవై దాటిన మనిషి, రెండో మెరకలో ఒంటరిగా ఉంటారు. నా రోగి ఆయనే.

నమోదు 2

ఎండ సైరన్ మోగింది. ఆ తర్వాత ఎవరూ బయట తిరగకూడదు. నేను నీడలో ఫ్యాను కింద ఉన్నాను. పాదాలు కాలిపోవడం మొదలైంది. ఫోన్ చేశాను.

"బాబాయ్ గారండి, మీరు దేని మీద నిలబడ్డారు?"

"ఎవరమ్మా నువ్వు?"

"మీ కాళ్ళండి."



"నా కాళ్ళు నా దగ్గరే ఉన్నాయమ్మా."

"ఉన్నాయండి. కాని కాలతన్నాయి. ఒకసారి కిందకి చూసుకోండి."

"ఆయ్, మెట్టు మీదున్నాను. ఇనప మెట్టు. నీకెలా తెలిసింది?"

"నాకు బొబ్బలెక్కేలా ఉందండి. ముందు దిగండి."

"ఉండమ్మా, మేకకి ఇంత ఆకేసి దిగుతాను," అన్నారాయన తాపీగా. ఆకు వేయడం పూర్తయ్యేదాకా నేను నా కాళ్ళని చల్లనీళ్ళ బకెట్లో పెట్టుకున్నాను. దాని వల్ల ప్రయోజనం లేదని నమోదు చేస్తున్నాను.

నమోదు 4

పట్టాభి గారి వృత్తి చెరువుల అడుగు చూడడం. రొయ్యల చెరువులో దిగి నాలుగు మూలలా నడిచి, మేత ఎక్కడ కుళ్ళుతోందో, నల్లమట్టి ఎక్కడ పేరుకుందో పాదంతో చెప్పాలి. దానికి యంత్రాలున్నాయి గాని ఉప్పునీళ్ళకి ఇట్టే తుప్పు పడతాయి. అందుకని రైతులు ఇంకా ఆయన్నే పిలుస్తారు. కాళ్ళు మొద్దుబారిన సంగతి ఆయన వాళ్ళకి చెప్పలేదు. ఇన్నాళ్ళూ వాసన పట్టి, రైతు మొహం చూసి ఏదో ఒకటి చెప్తూ నెట్టుకొచ్చారట.

ఈ రోజు చెరువులో దిగి, చెవిలో ఫోన్ పెట్టుకుని, నన్ను అడిగారు.

"ఎలా ఉందమ్మా?"

"మెత్తగా ఉందండి."

"మెత్తగా అంటే కాదు. వెన్నలాగా, పిండిలాగా?"

"అట్ల పిండిలాగండి. పులిసిన పిండి."

"అదీ, అలా చెప్పాలి. పులిసిందంటే నల్లమట్టి పట్టేసింది. ఇప్పుడు ఇటు జరిగేను. చెప్పు."

"గరుగ్గా ఉందండి. రవ్వలాగా."

"మేత మిగిలిపోయిందమ్మా," అని, గట్టు మీదున్న రైతుకి వినపడేలా అదే మాట గట్టిగా చెప్పారు. రైతు ఏదో మెచ్చుకోలుగా అన్నాడు. పట్టాభి గారు ఫోన్‌లో గొంతు తగ్గించి "నీ కాళ్ళు చల్లగుండ," అన్నారు.

నేను మాత్రం కేంద్రం కుర్చీలో కూర్చుని ఉన్నాను. నా చెప్పులకి ధూళి కూడా అంటలేదు. అయినా సాయంత్రం ఇంటికెళ్ళి గుమ్మంలో కాళ్ళు కడుక్కున్నాను.

నమోదు 7

ఆయన ఆదివారం కూడా చెరువులో దిగుతారు కాబట్టి ఆదివారం కూడా బెల్టు కట్టుకోవాలి. మంచినీళ్ళ పడవ దగ్గర వరసలో ఉన్నాను. నా వంతు వచ్చి బిందె కొళాయి కింద పెట్టగానే అక్కడెక్కడో పట్టాభి గారి చిటికెన వేలిని పీత పట్టుకుంది. బిందె వదిలేసి ఒంటికాలి మీద గంతులేస్తూ పడవ ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళాను. వరసలో వాళ్ళు నా వంతు దాటేశారు.

మా ఆయన త్రిమూర్తులు బల్లకట్టు నడుపుతాడు. ఖాళీ బిందె చూసి విషయం అడిగాడు. చెప్పాను.

"ఆ పెద్దాయన్ని కరిచిన పీత నిన్నెందుకు కరవాలే?"

"ఉద్యోగమండి."

"మరి నా మోకాలు ఇన్నేళ్ళబట్టి నొప్పెడతంది. నాకోసం ఎప్పుడైనా ఒక్క గంతు వేసేవా?"

"దానికి జీతం లేదు కదండి."

అన్నం పెట్టాను. తర్వాత మోకాలికి నూనె రాశాను. అది నమోదు కిందకి రాదేమో.

నమోదు 11

ఈ రోజు జరిగింది నాకు నచ్చలేదు. రైతులకి సంగతి తెలిసిపోయింది. చినకొండయ్య అనే ఆయన పట్టాభి గారి చేతిలోంచి ఫోన్ తీసుకుని నాతోనే మాట్లాడాడు.

"భ్రమరాంబ గారండి, మాకో చిన్న సందేహమండి. పెద్దాయన నడవడం దేనికి? గట్టు మీద బెంచీ వేసి కూర్చోబెట్టి, ఆ కాళ్ళు మాత్రం నీళ్ళలోకి దించితే మీకు చాలదాండి?"

"నాకు అడుగు చదవడం నేర్పింది ఆయనేనండి," అన్నాను.

"అదేలెండి, నేర్పేసేరు కదా."

పట్టాభి గారు పక్కనే ఉన్నారు. ఆయన పాదాలు బురదలో కదలకుండా ఉండిపోయాయి. వేళ్ళు మాత్రం ముడుచుకున్నాయి. అది నాకు తెలిసింది.

సాయంత్రం ఇంకొకటి తెలిసింది. ఎడమ చిటికెన వేలి మొదట్లో, రూపాయి బిళ్ళంత మేర, మిగతా కాలి కంటే వెచ్చగా ఉంది. నిరీక్షణ గారికి చెప్పాను. ఆవిడ వెంటనే ఫోన్ అందుకున్నారు.

"పట్టాభి గారూ, అక్కడ పుండు పడబోతోంది. నేను చెప్పేదాకా చెరువులో దిగద్దు. ఇంట్లోనే ఉండాలి."

"అలాగేనమ్మా," అన్నారాయన. ఆయన అంత తొందరగా దేనికీ ఒప్పుకోరు.

నమోదు 12

పట్టాభి గారి నడకలో మార్పు. అడుగు చాలా తేలికగా పడుతోంది. అరికాలు ఇరుకైనట్టుంది. వేళ్ళు తెలియడం లేదు. వెచ్చదనం తగ్గింది.

పొద్దున్న చాలాసేపు సన్నటి అంచు మీద నిలబడ్డారు. సిమెంటు. పిట్టగోడ లాంటిది. తర్వాత ఒక్క ఉదుటున దూకారు. నొప్పి లేదు.

ఫోన్ చేశాను.

"బాబాయ్ గారండి, ఎక్కడున్నారు?"

"ఇంట్లోనేనమ్మా. మంచం మీద పడుకున్నాను."

"ఇప్పుడే దూకేరు కదండి."

"ఆయ్, మంచం మీంచి దిగేనమ్మా."

వెనక నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు వినిపించింది. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్ అయి ఉంటుందని అనుకున్నాను. అనుకున్నది రాయకూడదు కాబట్టి పై వాక్యం లేనట్టుగా చదువుకోవలెను.

నమోదు 13

భోజనాల వేళ ఎడమ పాదం పైకి లేచి, మెత్తగా, పల్చగా వేలాడుతున్న దేన్నో చాలా వేగంగా గోకింది. వెచ్చగా ఉంది. దాని మీద వెంట్రుకలున్నాయి. మనిషి ఒంట్లో అలాంటిది చెవి ఒక్కటే.

నిజంగా వీలవుతుందో లేదో చూద్దామని ఇంట్లో నేల మీద కూర్చుని ప్రయత్నించాను. నా కాలు గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంతలో త్రిమూర్తులు వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇది కూడా ఉద్యోగమేనా?"

"ఆయనకి వస్తందండి. నాకే రావట్లేదు."

"నాకు చెప్పకపోతే నష్టం లేదు," అని పక్కింటికి వెళ్ళిపోయాడు. పట్టేసిన నడుముతో నేనే లేచాను.

నమోదు 15

ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. మొద్దుబారిన కాళ్ళున్న రోగి గోడలెక్కి, దూకి, ఎడమ పాదంతో చెవి గోక్కునే స్థాయికి కోలుకోవడం విభాగం చరిత్రలోనే మొదటిసారి అట. పరిశోధనకి నిధులు ఆపాలన్న ఆలోచన విరమించుకున్నారు. జాయింట్ డైరెక్టర్ శోభనాద్రి గారు రేపు స్వయంగా వచ్చి రోగికి శాలువా కప్పుతారట.

నిరీక్షణ గారు ఆ కాగితం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నువ్వు రాసిందంతా తెలిసిందే కదా?"

"తెలిసిందేనండి."

"నమ్మాలని ఉంది భ్రమరాంబా. అంతగా నమ్మాలనిపిస్తోంది కాబట్టే భయంగా ఉంది."

ఆవిడ పట్టాభి గారికి ఫోన్ చేశారు. ఆయన ఎత్తలేదు. నా కాళ్ళు ఆ సమయంలో ఏదో గడ్డి కుప్ప ఎక్కుతున్నాయి.

నమోదు 16

ఎండ సైరన్ కంటే ముందే వెళ్ళాలని త్రిమూర్తులు బల్లకట్టు మీద బయల్దేరాం. నేను, డాక్టరు గారు, శాలువా సంచితో శోభనాద్రి గారు. దారి పొడుగునా ఆయన వేదిక ఎక్కడ, ఫోటో ఎవరు తీస్తారని అడుగుతూనే ఉన్నారు.

పట్టాభి గారి ఇంటి పిట్టగోడ మీద మేక నిలబడి ఉంది. దాని వెనక కాళ్ళ గిట్టలకి మా పొరలు నీటుగా చుట్టి, పైన టేపు వేసి ఉన్నాయి.

శోభనాద్రి గారు శాలువా రెండు చేతులతో విప్పి పట్టుకుని, మేక వైపు చూస్తూ "రోగి ఏరీ?" అన్నారు.

నేను జవాబు చెప్పబోయాను. సరిగ్గా అప్పుడే మేక ఎడమ కాలు ఎత్తి చెవి గోక్కుంది. నాకు తెలిసింది.

డాక్టరు గారు మేక వంక ఒక్క క్షణమే చూశారు. "అయితే పట్టాభి గారి కాళ్ళని ఎవరు చూస్తున్నారు?" అన్నారు.

ఎవరూ చూడటం లేదు. ఆయనకి కూడా తెలియదు. ఫోన్‌లో విన్న ఏరియేటర్ చప్పుడు గుర్తొచ్చింది. పరుగెత్తాను. చినకొండయ్య చెరువు ఆ పక్కనే.

పట్టాభి గారు చెరువులోంచి ఎక్కి గట్టు మీద నడిచి వస్తున్నారు. లుంగీ పైకి కట్టి, భుజాన తువ్వాలు వేసుకుని, పని బాగా జరిగినవాళ్ళు నడిచినట్టు నడుస్తున్నారు. ఆయన వెనక, ఉప్పు తేలి తెల్లగా ఉన్న గట్టు మీద, ఒక్కో అడుగుకీ ఒక ఎర్ర మచ్చ పడుతోంది.

"బాబాయ్ గారండి, ఆగండి. అక్కడే కూర్చోండి."

"నువ్వేనా భ్రమరాంబవి? చిన్నపిల్లవే," అని నవ్వారు. ఇదే మేం మొదటిసారి కలుసుకోవడం. "ఏంటమ్మా, అలా వగరుస్తున్నావు?"

"కాలు చూసుకోండి."

చూసుకున్నారు. విరిగిన ఏరియేటర్ రెక్క ముక్క చిటికెన వేలి పక్కన దిగబడి ఉంది. ఆయన దాన్ని, ఎవరిదో కాలు చూసినట్టు, వంగి కొంచెం సేపు చూశారు. ఆ తర్వాత తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు.

శాలువాతో కాలు కట్టాం. శోభనాద్రి గారు అడ్డు చెప్పలేదు.

నమోదు 17

చిటికెన వేలు తీసేశారు. పాదం నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు.

మంచం పక్కన కూర్చున్నాను. ఆయనే అడిగారు.

"కోపంగా ఉందామ్మా?"

"ఉందండి. నేను మేక అడుగులు రాసి రాసి పై ఆఫీసుకి పంపేను."

"దానికి కూడా అడుగు బాగా తెలుస్తదిలే." నవ్వించాలని చూశారు. నేను నవ్వలేదు. ఆయన పైకప్పు వైపు చూస్తూ చెప్పారు. "నలభయ్యేళ్ళు ఈ పాదాన్ని చూసి పిలిచేరమ్మా. మొన్న చినకొండయ్య నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి కాళ్ళు దింపుతానన్నాడు, చాయ్‌లో బిస్కెట్ ముంచినట్టు. నువ్వు లేకుండా ఒక్క చెరువన్నా చూసి చెప్దామనుకున్నాను."

"చూసేరా?"

"చూసేను."

"ఏం చెప్పేరు?"

"బాగుందని చెప్పేను. ఏం తెలియలేదమ్మా. వట్టి నీళ్ళలో నడిచినట్టుంది."

నమోదు 18

పుండు కడగాలి. ఎక్కడ నరం బతికి ఉందో, ఎక్కడ కండ చచ్చిపోయిందో తెలిస్తే తప్ప ఎంతవరకు కోయాలో తెలియదన్నారు డాక్టరు గారు. పుండు చుట్టూ, లోపలి నరం కదలికని కూడా పట్టే కొత్త రకం పొర అంటించి, నన్ను బెల్టు కట్టుకోమన్నారు.

"ఇష్టం లేకపోతే చెప్పు," అన్నారు. కట్టుకున్నాను.

ఏం తెలిసిందో నమోదు చేయడం నా పని. పోటు. సలుపు. జివ్వుమని మోకాలి దాకా. నిప్పు. మందు పోసినప్పుడు దేనితోనూ పోల్చలేనిది. ఏడవకూడదనుకున్నాను. మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను.

పట్టాభి గారికి ఏమీ తెలియడం లేదు. ఆయన నా మొహం చూస్తున్నారు.

"ఆ నొప్పి నా కాలిదేనా?" అని అడిగారు డాక్టరు గారిని.

"మీదేనండి."

"అంత ఉందా?"

"ఉంది."

"ఆపెయ్యండి మేడమ్. ఆ పిల్ల నాకోసం ఏడవడమేంటి. అవసరమైతే కాలు మొత్తం తీసెయ్యండి."

"ఆపద్దండి," అన్నాను నేను. "ఇక్కడ తెలుస్తంది. ఇక్కడ కూడా. ఇవి బతికే ఉన్నాయండి, కొయ్యద్దు."

పాదం నిలిచింది. పని అయిపోయాక పట్టాభి గారు చెయ్యి చాచి, నా తల మీద పెట్టి, అలాగే ఉంచేశారు.

నమోదు 23

ప్రధాన కార్యాలయం నిర్ణయం వచ్చింది. మేకని మధ్యలో తొలగిస్తే ఇప్పటికే ప్రకటించిన ఫలితాలు దెబ్బతింటాయి. కాబట్టి మేకని కూడా రోగిగా చేర్చుకున్నారు. పరిశోధన ముగిసేదాకా పొద్దున్న పూట నేను మేకకి కాలుబదులు, మధ్యాహ్నం నుంచి పట్టాభి గారికి.

రోగులందరికీ పంపినట్టే మేకకీ ఆహార నియమాల కాగితం వచ్చింది. తెల్ల అన్నం తగ్గించాలి, మిఠాయిలు మానాలి, రోజూ నడవాలి, గోళ్ళు శుభ్రంగా ఉంచుకోవాలి. పట్టాభి గారు దాన్ని మేకకి చదివి వినిపించారు. మేక విన్నాక తినేసింది.

ఇప్పుడాయన రోజూ పొద్దున్నే అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూసుకుంటున్నారు. చూసి నాకు ఫోన్ చేస్తారు. "ఏం లేదమ్మా, నువ్వు నిశ్చింతగా కాఫీ తాగు," అంటారు. అప్పటికి నేను గోడ మీదుంటాను. ఆ సంగతి చెప్పను.

నమోదు 31

పుండు మానింది. డాక్టరు గారు చెరువులో దిగడానికి ఒప్పుకున్నారు, నేను గట్టు మీదే ఉండాలన్న షరతు మీద. వేలు తీసిన చోట చర్మం ఇంకా లేతగా ఉందని అక్కడ పొర అంటించలేదు. మిగతా పాదమంతా ఉంది.

చినకొండయ్య మర్యాదగా దూరంగా నిలబడ్డాడు. పట్టాభి గారు నెమ్మదిగా దిగారు. నేను బెల్టు సరిచేసుకుని, వరసగా చెప్పడం మొదలుపెట్టాను.

"పిండిలాగుందండి. పులవలేదు. బాగుంది. ఇప్పుడు కొంచెం గరుకు. మళ్ళీ మెత్తన."

ఆయన తూర్పు మూలకి వెళ్ళి ఆగారు. ఎడమ కాలు ఎత్తబోయి మళ్ళీ పెట్టేశారు.

"చురుక్కుమంటుందన్నావా?"

"లేదండి. మెత్తగా ఉందన్నాను."

"కాదమ్మా. చురుక్కుమంటుందని ఇప్పుడే అన్నావు."

"నేననలేదండి. ఎక్కడ చురుక్కుమంటుంది?"

ఆయన నీళ్ళలోకి వేలితో చూపించారు. ఎడమ పాదం బయటి వైపు. వేలు తీసిన చోటు. లేత చర్మానికి ఉప్పునీళ్ళు తగిలితే అలాగే ఉంటుంది.

"బాబాయ్ గారండి, అక్కడ పొర లేదు," అన్నాను. "అక్కడ నాకేమీ తెలియదండి."

ఆయన నా వైపు చూశారు. తర్వాత తన కాలి వైపు చూశారు, నీళ్ళు మురికిగా ఉన్నాయి, ఏమీ కనపడదు.

"మంటగా ఉందమ్మా," అన్నారు. "బాగా మంటగా ఉంది."

"బయటికి వచ్చేయండి మరి."

"ఉండు. ఉండనీ."

గట్టు మీంచి చినకొండయ్య "పెద్దాయనా, అడుగెలా ఉందండి?" అని కేకేశాడు. పట్టాభి గారు వినిపించుకోలేదు. కళ్ళు మూసుకుని, పంటి బిగువున, ఆ ఒక్క కాలి మీదే బరువంతా వేసి నిలబడ్డారు.

నేను బెల్టు విప్పి గట్టు మీద పెట్టేశాను. ఆ తర్వాత ఆయనకి ఏం తెలిసిందో నాకు తెలియదు.